పందిరి రాటకు గాలి లెక్క

2018 మార్చి 30. కడప జిల్లా ఒంటిమిట్టలో సీతారాముల కల్యాణం. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అధికారికంగా జరిపిస్తున్న పెళ్లి ఇది. భద్రాచలంలో మిట్టమధ్యాహ్నం జరిగే కల్యాణం ఇక్కడ చైత్ర పున్నమి వెన్నెల్లో జరుగుతుంది. ఆ సాయంత్రం వెన్నెల కంటే ముందు ఈదురుగాలి వచ్చింది, దాని వెంట వడగళ్లు. భక్తుల కోసం తాత్కాలికంగా వేసిన పందిళ్లు కూలాయి. నలుగురు చనిపోయారు, యాభై మందికి పైగా గాయపడ్డారు. తర్వాతి ఏళ్లలో తిరుమల తిరుపతి దేవస్థానం అక్కడ శాశ్వత కల్యాణ వేదిక కట్టించింది.

దేవుడి పెళ్లికి అందరూ పెద్దలే అంటారు. అంతమంది పెద్దలు, అంత యంత్రాంగం ఉన్నచోటే పందిరి నిలవలేదు. ముసునూరులో మామిడితోట పక్కన చదును చేసిన ఎకరంలో నాలుగు షామియానాలు వేసి పెళ్లి చేసే తండ్రికి ఉన్నదల్లా టెంట్‌హౌస్ మేస్త్రీ, ఆయన తెచ్చిన నలుగురు కుర్రాళ్లు. పెళ్లి దగ్గర పడేకొద్దీ ఇంట్లో అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: వాన పడుతుందా? పందిళ్లు ఎక్కువగా కూలేది వానకు కాదు, దాని ముందొచ్చే గాలికి. అందుకే ఇక్కడి లెక్కల్లో సింహభాగం గాలివే.

ముసునూరు మొన్నమొన్నటి దాకా కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఏలూరు జిల్లాలో చేరింది. ఒక పక్క నూజివీడు, మరో పక్క తమ్మిలేరు. శివరాత్రికి జనం పోటెత్తే బలివే రామలింగేశ్వరుడి గుడి ఈ మండలంలోదే, ఆ ఏటి ఒడ్డునే. ఇక్కడ మామిడికాయలూ పెళ్లి ముహూర్తాలూ ఒకే నెలలో కోతకొస్తాయి. బంగినపల్లి, చిన్నరసం దింపే రోజుల్లోనే వైశాఖ మాసం బాజాలు. గాలివానలూ సరిగ్గా ఆ రోజుల్లోనే. కాయ పక్వానికొచ్చాక ఒక్క ఈదురుగాలి కొడితే ఏడాది కష్టం నేలపాలని తోట రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మబ్బు పడమట లేచిందంటే దింపుడు కూలీలను తొందరపెడతాడు. అదే మనిషి కూతురి పెళ్లి దగ్గరకొచ్చేసరికి "ఆ రోజుకేం కాదులే" అంటాడు.

పంచాంగంలో కార్తెలు చూస్తే కాలం లెక్క కళ్లకు కడుతుంది. భరణి కార్తె ఏప్రిల్ 27 ప్రాంతంలో, కృత్తిక మే 11 ప్రాంతంలో, రోళ్లు పగిలే రోహిణి మే 25 ప్రాంతంలో మొదలవుతాయి. మృగశిర జూన్ 8 దగ్గర పడుతుంది. నైరుతి రుతుపవనాలు కేరళను తాకే సగటు తేదీ జూన్ 1. సగటును నమ్మి మే ఆఖరు వారం ఆరుబయట పెళ్లి పెట్టుకున్నవాళ్లకు 2025 ఒక పాఠం చెప్పింది. ఆ ఏడు రుతుపవనాలు మే 24నే కేరళలో దిగాయి.

రుతుపవనానికి ముందు వచ్చే గాలివాన పద్ధతి వేరు. పొద్దున్నుంచీ నేల కాగుతుంది. బంగాళాఖాతం నుంచి తేమ వస్తుంది. కాగిన గాలి ఆ తేమను మోసుకుని పైకి లేచి, మధ్యాహ్నం దాటాక పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు మేఘమవుతుంది. అందులోంచి వాన దిగేటప్పుడు చల్లబడిన బరువైన గాలిని తనతోపాటు కిందికి లాక్కొస్తుంది. ఆ గాలి నేలను తాకి నలుదిక్కులా పరుచుకుంటుంది. మనం ఈదురుగాలి అనేది దీన్నే. అందుకే చినుకు కంటే ముందు దుమ్ము వస్తుంది. ఉక్కపోతతో విసనకర్రలు ఊపుతున్న పెళ్లివారు "అబ్బ, చల్లగాలి" అని ఊపిరి పీల్చుకునే ఆ నిమిషమే అసలు హెచ్చరిక. అప్పటికి గాలివాన ఊరి పొలిమేర దాటింది.

ఇలాంటి మేఘాలు ఎక్కువగా మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య పుడతాయి. రోజుకు పన్నెండు లగ్నాలు, ఒక్కోటి సుమారు 2 గంటలు. పురోహితుడు రెండు మూడు ముహూర్తాలు రాసిచ్చినప్పుడు, మిగతావన్నీ సమానమైతే సాయంత్రం గోధూళి వేళను వదిలి రాత్రి పది దాటిన లగ్నాన్నో, తెల్లవారుజామునో ఎంచుకుంటే ముప్పు తగ్గుతుంది. పూర్తిగా పోతుందనుకోకూడదు. 2025 ఏప్రిల్ 30 అక్షయ తృతీయ. సింహాచలంలో చందనోత్సవం. తెల్లవారకముందే గాలివాన వచ్చి, క్యూలైను పక్కన కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు భక్తులు చనిపోయారు. ఈ సంగతి ఒంటిమిట్ట పక్కన పెట్టి చూడాలి. ఒకటి సాయంత్రం, ఇంకోటి తెల్లవారుజాము. రెండు చోట్లా కూలింది పండగ కోసం హడావుడిగా నిలబెట్టిన కట్టడమే.

ఇక తేదీ మార్చుకోవడమా? అది మన చేతిలో ఉండదు. 2024లో మూఢాల వల్ల మే, జూన్ నెలల్లో ముహూర్తాలే లేకపోయాయి. ఉన్న నాలుగు ముహూర్తాలకే కల్యాణ మండపాలు, వంటవాళ్లు, సన్నాయి మేళం, ఫొటోగ్రాఫర్లు దొరకాలి. పెళ్లికి రోజు కుదిరాక ఆకాశంతో బేరం ఉండదు. మిగిలేది కప్పు సంగతే.

'ఒకటి రెండు చోట్ల' అంటే మన ఊరు కాదా?

టీవీలో, రేడియోలో వినే వాతావరణ సూచనలో ప్రతి మాటకూ ఒక అంకె ఉంది. భారత వాతావరణ శాఖ లెక్కలో 'ఒకటి రెండు చోట్ల' అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో 25 శాతం దాకా వాన నమోదు కావచ్చని. 'కొన్ని చోట్ల' అంటే 26 నుంచి 50 శాతం. 'చాలా చోట్ల' అంటే 51 నుంచి 75. 'దాదాపు అన్ని చోట్లా' అంటే 76కు పైన. మనం 'ఒకటి రెండు చోట్ల' అని వినగానే అది చాట్రాయికో విస్సన్నపేటకో చెప్పిన మాట అనుకుని నిశ్చింతగా ఉంటాం. చాట్రాయి వాళ్లు ముసునూరుకు అనుకుంటారు.

వాన మోతాదుకూ మెట్లున్నాయి. 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్లు మోస్తరు వాన, 64.5 నుంచి 115.5 భారీ, 115.6 నుంచి 204.4 అతి భారీ. పెళ్లిపందిరికి 'మోస్తరు' అన్న మాటే మోసం చేస్తుంది. 30 మిల్లీమీటర్లు ఇరవైనాలుగు గంటల్లో సన్నగా పడితే గొడుగుతో నెట్టుకురావచ్చు. అదే 30 ముప్పావు గంటలో కుమ్మరిస్తే పంక్తి భోజనాలు నీళ్లలో తేలతాయి. రెండు రోజులకూ రికార్డులో రాసే అంకె ఒకటే.

ఇంకో లెక్క. రోజుకు గాలివాన వచ్చే అవకాశం ఐదింట ఒక వంతు అనుకుందాం, లెక్క కోసమే. రాని అవకాశం 0.8. పెళ్లి పనులు మూడు రోజులైతే, మూడు రోజులూ పొడిగా గడిచే అవకాశం 0.8ను మూడుసార్లు హెచ్చవేస్తే వచ్చే 0.51. అంటే ప్రదానమో, పెళ్లో, సత్యనారాయణ వ్రతమో ఏదో ఒకటి తడిసే అవకాశం దాదాపు సగానికి సగం. రోజుకు ఇరవై శాతమేగా అన్న ధైర్యం మూడో రోజుకు బొమ్మాబొరుసుగా మారుతుంది.

ఎంత ముందు తెలుస్తుందన్నది ఏ రకం ఉపద్రవమో దాన్నిబట్టి ఉంటుంది. తుపాను అయితే నాలుగైదు రోజుల ముందే కబురు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్, 2025 అక్టోబరు 28న తీరం దాటిన మొంథా, రెండూ కార్తీక, మార్గశిరాల పెళ్లిళ్ల రోజుల చుట్టుపక్కలే వచ్చాయి. మే నెలకూ మినహాయింపు లేదు: 2010 మే 20న లైలా, 2022 మే రెండో వారంలో అసని. వీటికి చేయాల్సింది సులువు. నాలుగు రోజుల ముందే ఆరుబయట ఆలోచన మానుకుని పక్కా మండపానికి మారడం. మే నెల సాయంత్రపు గాలివానకు ఆ వెసులుబాటు లేదు. ముందురోజు చెప్పేది 'పిడుగులతో కూడిన వాన పడవచ్చు' అన్నంతవరకే. ఏ ఊరి మీద అన్నది వాతావరణ శాఖ 3 గంటల ముందస్తు హెచ్చరికలోనే తేలుతుంది. మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ ఉంది. ముసునూరు దానికి గీత గీసినట్టు చూస్తే వంద కిలోమీటర్ల లోపే. పెళ్లి రోజు మధ్యాహ్నం నుంచి ఆ రాడార్ బొమ్మ ఫోన్‌లో చూస్తూ కూర్చునే కుర్రాడు ఒకడు కావాలి. రీల్స్ చూసే కుర్రాళ్లు పెళ్లిలో పదిమంది ఉంటారు, అందులో ఒకడికి ఈ పని అప్పజెప్పొచ్చు.

రాటకు ఎన్ని కిలోలు?

ఈదురుగాలుల హెచ్చరికలో మనం ఎప్పుడూ వినే మాట 'గంటకు 40-50 కిలోమీటర్ల వేగంతో'. మోటారు సైకిల్ మీద రోజూ పోయే వేగమే గనక భయమెయ్యదు. గాలి తోపు లెక్కించే పద్ధతి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 875 మూడో భాగంలో ఉంది. వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చి, దాన్ని దానితోనే గుణించి, 0.6తో హెచ్చవేస్తే చదరపు మీటరుపై పడే తోపు న్యూటన్లలో వస్తుంది. 9.8తో భాగిస్తే కిలోలు.

గంటకు 20 కిలోమీటర్ల గాలికి చదరపు మీటరుపై సుమారు 1.9 కిలోలు. 40కి 7.5 కిలోలు. 60కి 17. 80కి 30. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలన్న సంగతి ఈ వరుసలోనే కనిపిస్తోంది. పందిరి విషయంలో మనుషుల అంచనా తప్పేది ఇక్కడే. పొద్దున 20 కిలోమీటర్ల గాలికి షామియానా కాస్త రెపరెపలాడి నిలిచింది కాబట్టి సాయంత్రం 60కీ నిలుస్తుందనుకుంటారు. అది మూడింతల గాలి, తొమ్మిదింతల తోపు.

ఇప్పుడు మన పందిరి. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు అనుకుందాం. 1,800 చదరపు అడుగులు, అంటే 167 చదరపు మీటర్లు. గాలి కిందినుంచి దూరి కప్పును పైకెత్తుతుంది. ఎత్తే బలం పైన చెప్పిన తోపులో సగమే అనుకున్నా, 60 కిలోమీటర్ల గాలికి 1,420 కిలోలు. పదిహేనడుగులకో రాట చొప్పున మొత్తం 15 రాటలు. ఒక్కో రాటను 95 కిలోల బలం నేలలోంచి పెరకాలని చూస్తుంది. 80 కిలోమీటర్లయితే అది 167 కిలోలు. ఒక వైపు గుడ్డతో మూసేసి ఎదురువైపు తెరిచి ఉంచిన పందిరిలోకి గాలి జొరబడితే సంచిలా ఉబ్బుతుంది, అప్పుడు సగమన్న అంచనా కూడా చాలదు.

శాస్త్రోక్తంగా మొదటి రాటను ముత్తైదువలు పసుపు కుంకుమలు పెట్టి, నవధాన్యాలు వేసి పాతిస్తారు. మిగతా పద్నాలుగింటిని చీకటి పడ్డాక తొందర తొందరగా నిలబెడతారు. బరువంతా మోసేది ఆ పద్నాలుగే. ఇనుప గొట్టాల పందిళ్లలో చాలాసార్లు రాట పాతరు, పళ్లెం లాంటి అడుగు మీద నిలబెట్టి తాడు కట్టి వదిలేస్తారు. ఆ తాడు చివర ఏముందో వెళ్లి చూడండి. రెండడుగుల ఇనుప మేకు ఎండిన నేలలో బిగుసుకుని ఉంటుంది. వాన పడి నేల నానాక అదే మేకు వేలితో కదిపితే ఊడొస్తుంది. 200 లీటర్ల డ్రమ్ము నిండా నీళ్లు పోస్తే 200 కిలోలు. రాటకో డ్రమ్ము కట్టించగలిగితే 80 కిలోమీటర్ల లెక్కకూ సరిపోతుంది. యాభై కిలోల ఇసుక బస్తాలైతే రాటకు నాలుగు. పదిహేను డ్రమ్ములంటే 3,000 లీటర్లు, ఒక చిన్న ట్యాంకరు నీళ్లు. డెకరేషన్‌లో పూలకయ్యే ఖర్చు పక్కన ఇది లెక్కలోకి రాదు. డ్రమ్ముల అందం గురించి పెళ్లికూతురి అన్నయ్య గొణిగితే గుడ్డ కప్పించండి.

కప్పు కంటే వేదిక వెనక తెరే ప్రమాదం. 40 అడుగుల వెడల్పు, 16 అడుగుల ఎత్తు పూల తెర అంటే 59.5 చదరపు మీటర్ల తెరచాప. 40 కిలోమీటర్ల గాలికే దాని మీద దాదాపు 450 కిలోలు, 60కి టన్ను పైమాటే. ఎల్‌ఈడీ తెరకూ ఇదే లెక్క. 12 అడుగులు, 8 అడుగుల తెర మీద 60 కిలోమీటర్ల గాలి 150 కిలోలతో తోస్తుంది, పైగా అది నిలబడేది సన్నటి ఇనుప చట్రం మీద, పక్కనే పిల్లల గుంపు. తెర వెనక తాళ్లు కట్టే చోటు లేకపోతే ఆ తెర వద్దనడమే నయం. ఫొటోల్లో వెనకాల మామిడిచెట్లు కనిపిస్తే పోయేదేం లేదు. అసలు మామిడితోటలో పెళ్లి పెట్టుకుని, ఆ తోటను ప్లాస్టిక్ పూలతో దాచేయడం నాకెప్పుడూ అర్థం కాలేదు.

పోలిక కోసం ఒక అంకె. విజయవాడ ప్రాంతంలో పక్కా భవనాలు కట్టేటప్పుడు ఐఎస్ 875 ప్రకారం తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. చదరపు మీటరుకు 153 కిలోల తోపు. మన షామియానా ఆ లోకానికి చెందింది కాదు. దాన్ని ఎంత గట్టిగా కట్టినా ఏదో ఒక అంకె దగ్గర మనం దాని కిందినుంచి లేవక తప్పదు. ఆ అంకె ఏదో ముందే అనుకోవడంలోనే ఉంది విషయమంతా. నా లెక్క ప్రకారం అది 40. అంతకు పైన గుడ్డ పందిరి కింద ఎవరూ ఉండకూడదు.

గాలిని కొలిచే పరికరం లేకపోతే? కళ్లున్నాయి. 20 నుంచి 28 కిలోమీటర్ల గాలికి దుమ్ము, ఎండుటాకులు లేస్తాయి, వేసిన విస్తరాకు నిలవదు. 29 నుంచి 38కి చిన్న చెట్లు మొత్తంగా ఊగుతాయి. 39 నుంచి 49కి పెద్ద కొమ్మలు కదులుతాయి, గొడుగు పట్టడం కష్టం. 50 దాటితే చెట్టంతా ఊగుతుంది, ఎదురు నడవలేం. ముదురు మామిడిచెట్టు పెద్ద కొమ్మ కదిలిందంటే మన 40 వచ్చేసినట్టే. పీటల దగ్గర ఇంకో పరికరం ఉంది: అడ్డుతెర. ఆరడుగులు, నాలుగడుగుల గుడ్డ అనుకుంటే 20 కిలోమీటర్ల గాలికి దాని మీద 4 కిలోల తోపు, ఇద్దరు పట్టుకోగలరు. 40కి 17 కిలోలు. అడ్డుతెర పట్టుకున్నవాళ్లు చేతులు మార్చుకుంటూ అవస్థపడుతుంటే, ఆ పైనున్న పెద్ద తెర ఎంత అవస్థలో ఉందో ఊహించుకోవచ్చు.

చెట్ల కిందే వేస్తే గాలి తగలదు కదా అంటారు. కొమ్మ విరిగితే? కాయ కూడా చిన్న దెబ్బేమీ కాదు. పదమూడు అడుగుల ఎత్తు నుంచి రాలే కాయ నేలకు చేరేసరికి గంటకు 32 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అరకిలో కలెక్టరు కాయ ఆ వేగంతో తాతగారి నెత్తిన పడిన పెళ్లి ఊళ్లో పదేళ్లు గుర్తుండిపోతుంది. భోజనాల బల్లలు కొమ్మల చివరి నీడ దాటాకే.

ముహూర్తానికి నలభై మంది

ఎనిమిది వందల మందికి గాలివాన ఆగే కప్పు వేయడం మామూలు కుటుంబానికి కుదిరే పని కాదు. జర్మన్ హ్యాంగర్లు వేసే స్తోమత అందరికీ ఉండదు. అయితే ముహూర్త ఘడియకు నిజంగా కావలసింది ఎంతమంది? పెళ్లికూతురు, పెళ్లికొడుకు, రెండు వైపులా తల్లిదండ్రులు, పురోహితులు, మేనమామలు, తోడపెళ్లికూతురు, తోడపెళ్లికొడుకు, ముత్తైదువలు, సన్నాయి డోలు, ఫొటో, వీడియో వాళ్లు. ఎంత కలుపుకున్నా నలభై. మన పెళ్లిలో సుముహూర్తం అంటే జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. దానికి పట్టేది నిమిషాలు. తాళి, తలంబ్రాలు ఆ తర్వాత గంట అటూఇటూ అయినా పురోహితుడు సర్దుకుంటాడు.

కనుక గట్టి కప్పు నలభై మందికి చాలు. 12 అడుగుల చదరపు పీటలకు 144 చదరపు అడుగులు, కూర్చునే నలభై మందికి పదేసి చొప్పున 400. మొత్తం 550 చదరపు అడుగుల లోపు. రామమందిరం మండపం, బడిలో పెద్ద గది, మామిడికాయలు దింపే పక్కా షెడ్డు, చివరికి ఇంటి హాలు, ఏదైనా సరిపోతుంది. అక్కడ ముందే రెండు పీటలు వేసి, మంగళద్రవ్యాల పళ్లెం మరొకటి సిద్ధంగా ఉంచితే చాలు. మిగతా జనానికి నిలబడే నీడ కావాలి. ఎనిమిదడుగుల వెడల్పు, వందడుగుల పొడవున్న బడి వరండాలో మనిషికి ఐదు చదరపు అడుగుల చొప్పున 160 మంది నిలబడతారు. బస్సులు, కార్లు ఇంకో రెండు మూడు వందల మందిని దాచుకుంటాయి. ఎనిమిది వందలూ ఒకేసారి పందిట్లో ఉండరు. సగం మంది అక్షింతలు వేయడానికి సరిగ్గా సమయానికి వస్తారు, సగం మంది భోంచేసి వెళ్లిపోయి ఉంటారు. ఈ రెండో చోటు పేరు శుభలేఖలోనే ఒక వరుసలో అచ్చు వేయిస్తే వచ్చేవాళ్లకు తికమక ఉండదు. అశుభం పలికినట్టుందని పెద్దవాళ్లు అడ్డు చెబితే వాట్సాప్‌లో పంపే లొకేషన్ల జాబితాలో చేర్చండి, అక్కడ శకునాలు లేవు.

బరువెక్కే నీళ్లు

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు, ఒక కిలో. మన 167 చదరపు మీటర్ల కప్పు మీద 30 మిల్లీమీటర్లు పడితే 5,000 లీటర్లు. వాలుంటే జారిపోతాయి. బల్లపరుపు షామియానాకు రెండు రాటల మధ్య గుడ్డ పొట్టలా దిగుతుంది. రెండు మీటర్ల చదరంలో సగటున పది సెంటీమీటర్ల లోతు నీళ్లు నిలిస్తే 400 కిలోలు. ఇది వాన వెలిశాక, అందరూ తిరిగి కుర్చీల్లో కూర్చున్నాక కూలుతుంది. అందుకే వాన ఆగగానే మొదట పందిట్లోకి వెళ్లాల్సింది పొడవాటి వెదురుకర్రతో ఇద్దరు మేస్త్రీలు. పొట్టలు కిందినుంచి ఎత్తి నీళ్లు వంపాకే చుట్టాలు.

కింది సంగతి: ఎకరం మీద పది మిల్లీమీటర్లు పడితే 40,000 లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. పాదులు తీసిన తోటలో ఆ నీళ్లు పాదుల్లోనే నిలుస్తాయి, అదే రైతుకు కావలసింది, పెళ్లివారికి అక్కర్లేనిది. పల్లం వైపు ఒక జానెడు కాలువ ముందే తీయించి, భోజనాలూ జనరేటరూ మెరక మీద పెట్టాలి. తీగల జాయింట్లు నేల మీద పడేయకూడదు. లైన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. తడి నేల మీద వట్టికాళ్లతో తిరిగే పెళ్లిలో ఆ చిన్న పెట్టె ఒక్కటే మనిషికీ కరెంటుకూ మధ్య నిలబడుతుంది.

పిడుగుకు షామియానా ఏమీ కాదు, చెట్టు అంతకంటే చెడ్డది. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా లెక్కపెడితే ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై అంకెల్లోపే ఉరిమితే పిడుగు పది కిలోమీటర్లలో ఉంది, పక్కా కప్పు కిందికో, అద్దాలెత్తిన కారులోకో వెళ్లాలి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ చేసిన దామిని యాప్ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడుతున్న పిడుగులు చూపిస్తుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నంబరు 1070, అత్యవసరానికి 112.

వాన రాకపోతే ఎండ ఎలాగూ ఉంది. మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలి అంటారు. 45 తాకితే ఇక పోలికతో పని లేదు. ఎనిమిది వందల మందికి ఐదు గంటల్లో మనిషికి లీటరున్నర చొప్పున 1,200 లీటర్ల మంచినీళ్లు, ఇరవై లీటర్ల క్యాన్లు అరవై. మూడేసి గ్లాసుల మజ్జిగంటే 480 లీటర్లు. వండిన పదార్థం 60 డిగ్రీల వేడికి తగ్గాక, బయట 32 దాటిన వాతావరణంలో ఒక గంటకు మించి ఉంచకూడదు. పెరుగన్నం, మామిడికాయ పులిహోర పెద్ద గంగాళాల్లో ఒకేసారి కలిపి పెట్టేయకుండా పంక్తి పంక్తికీ కలపమని వంటమేస్త్రీకి చెప్పాలి. ఎండకు చల్లదనమిచ్చే తాటాకు పందిరికి వేరే భయం ఉంది. 2023 శ్రీరామనవమి నాడు తణుకు మండలం దువ్వలో గుడి ముందు చలువ పందిరి అంటుకుని కాలిపోయింది. చలువ పందిరి దగ్గర బాణసంచా వద్దు, వంటశాల దూరంగా, గాలి వాలుకు ఉండాలి.

ఎవరు చెబుతారు?

ఇన్ని అంకెలూ తెలిసి, సమయానికి "లేవండి" అనే మనిషి లేకపోతే వృథా. పెళ్లికూతురి తండ్రి పీటల మీద ఉంటాడు, కాళ్లు కడుగుతూనో కన్యాదానం చేస్తూనో. మేనమామ బుట్టతో వస్తుంటాడు. వియ్యంకుడిని అడిగితే మర్యాద సమస్య. ఈ పని బాబాయికో, ఊళ్లో అందరూ మాట వినే బావగారికో అప్పగించి, ఆయనకు పీటల దగ్గర ఏ పనీ పెట్టకూడదు. ముందురోజు రాత్రి ఆయన, టెంట్‌హౌస్ మేస్త్రీ, మైకు కుర్రాడు, పురోహితుడు పది నిమిషాలు కూర్చుంటే చాలు. మూడు గంటల ముందు హెచ్చరిక వస్తే పూల తెర దింపాలి, రెండో చోట పీటలు వేయాలి. పడమట మబ్బు కమ్మి ఉరుము వినిపిస్తే ముసలివాళ్లనూ చంటిబిడ్డల తల్లులనూ ముందు పంపాలి. చల్లగాలి తగలగానే, లేదా పెద్ద కొమ్మ కదలగానే అందరూ లేవాలి. అప్పుడిక చర్చ ఉండకూడదు, బాబాయి చెయ్యెత్తితే మైకులో చెప్పేయడమే. టెంట్‌హౌస్‌కు అడ్వాన్సు ఇచ్చేటప్పుడే గాలి లేస్తే పక్క గుడ్డలు ఎవరు విప్పుతారు, రాత్రి ఎంతమంది మనుషులుంటారు అన్నది కాగితం మీద రాయించుకోవాలి. పెళ్లిళ్లకు బీమా పాలసీలు కూడా అమ్ముతున్నారు, గాలివాన అందులో ఉందో లేదో చదివాకే సంతకం.

మైకులో చెప్పే మాటలు కూడా ముందే రాసి ఇవ్వాలి, లేకపోతే ఆ కుర్రాడు కంగారులో "పందిరి పడిపోతోందండోయ్" అని అరుస్తాడు. "గాలివాన వస్తోందండి. అందరూ మెల్లగా బడి వరండాలోకి రండి. ముహూర్తం ఆగదు, అక్కడే జరుగుతుంది." ఇంకో వాక్యం తప్పకుండా ఉండాలి: "భోజనాలు గంటలో మళ్లీ వడ్డిస్తాం." ఆ ఒక్కటీ వినకపోతే మొదటి పంక్తిలో కూర్చున్నవాళ్లు విస్తరి ముందునుంచి ఏ గాలికీ లేవరు.